బల్లి బూట్లు

జూలై 2

పెద్దమ్మా,

ఈ డబ్బా తెరిచే ముందు ముక్కు మూసుకో. లోపల ఉన్నవి నా గోడ ఎక్కే బూట్లు, రెండేళ్ల చెమట వాటిలోనే ఉంది.

దేశాల మధ్య జరిగే పోటీలకు వెళ్లే జట్టు జాబితాలో నా పేరు వచ్చింది. ఇరవై ఎనిమిది ఆటలు ఒకే ఊళ్లో జరుగుతాయి. ఈత వాళ్లు, కుస్తీ వాళ్లు, గుర్రాల వాళ్లు, వాళ్లందరి మధ్యలో గోడ పాకే నేను. నేను పనిచేసే, అద్దాలు తుడిచే కంపెనీ మేనేజరుకు చెబితే నన్ను ఎగాదిగా చూసి, "ఇక్కడ తాడు కట్టుకుని గోడ దిగుతావు, అక్కడ తాడు కట్టుకుని గోడ ఎక్కుతావు. జీతం మాత్రం దిగినందుకే ఇస్తాను" అన్నాడు. సెలవైతే ఇచ్చాడు. నేను తుడిచే పదహారంతస్తుల భవనం కిటికీలు నెల రోజులు మాసిపోయి ఉంటాయన్నమాట.

ఇప్పుడు అసలు సంగతి. బూట్ల అడుగు బొటనవేలి దగ్గర అరిగి, తోలు కనిపిస్తోంది. ఇలాంటివి చేసే కంపెనీ ఏడాది కిందటే మానేసింది. నా కుడికాలి రెండో వేలు అప్పుడు విరిగి వంకరగా అతుక్కుంది కదా, దానికి ఇంకే బూటూ కుదరడం లేదు. నాలుగు జతలు మార్చి చూశాను. కాబట్టి ఈ జతే నాకు దిక్కు. కొత్త రబ్బరు షీటు కూడా డబ్బాలోనే పెట్టాను. నీ చేతితో సోల్ వేసి, పన్నెండో తేదీలోగా జట్టు ఆఫీసుకు పంపు. కోచ్ మిగతా సామానుతో కలిపి తీసుకొస్తాడు.

ఫోన్ పెట్టుకోమంటే, అది మోగినప్పుడల్లా తోలు కుట్టే ఆరె వేలికి గుచ్చుకుంటుందని నువ్వు పెట్టుకోవు కాబట్టి, ఈ కాగితాలే మనకు గతి.

నీ చేతి పనిమీద కాలు పెట్టి నిలబడే
బల్లి


జూలై 9

ఇంటి దూలాలు పాకిన నా బిడ్డకు,

డబ్బా అందింది. వాసన గురించి నువ్వు ముందే చెప్పడం మంచిదైంది, లేకపోతే ఎలుక చచ్చిందనుకుని పారేసేదాన్ని.

నీకు బల్లి అని పేరు పెట్టినప్పుడు మీ అమ్మ నా మీద అలిగింది. నేనేమన్నాను? చిన్నవే అయినా జ్ఞానం గల ప్రాణుల్లో బల్లి ఒకటని గ్రంథంలోనే ఉంది, చేత్తో పట్టుకోదగినంత చిన్నదైనా రాజుల ఇళ్లలో తిరుగుతుందని ఉంది. ఇప్పుడు చూడు. ఇన్ని దేశాల ముందు గోడ ఎక్కబోతున్నావు. మీ అమ్మకు ఈ ముక్క చదివి వినిపించు.

పోయిన ఆదివారం ప్రార్థన హాల్లో నేను అరణ్యంలో తిరిగిన జనం గురించి మాట్లాడాను. నలభై ఏళ్లు నడిచినా వాళ్ల కాళ్ల చెప్పులు అరగలేదట. గొప్ప అద్భుతమే, కాదనను. కానీ ఆ నలభై ఏళ్లూ ఆ జనంలోని చెప్పులు కుట్టేవాళ్లు ఏం తిని బతికారని ఎవరూ అడగరు. ఈ మాట అనగానే హాలంతా నవ్వింది. పక్క కొట్టు దర్జీ చెల్లెమ్మ మాత్రం నవ్వలేదు, నిద్రపోతోంది. మొదటి పాట అయ్యేసరికి ఆవిడకు కునుకు పడుతుంది, ఆఖరి పాటకు లేచి అందరికంటే గట్టిగా పాడుతుంది.

ఇక నీ బూట్లు. ఇవి బూట్లా, మూతి బిగించిన సంచులా? ముందు భాగం చిలక ముక్కులా కిందికి వంగి ఉంది. నా చెయ్యి లోపలికి దూరలేదు. నీ కాలి కొలత నాకు తెలియదా? ఆరో ఏట నుంచి నీకు బూట్లు కుట్టింది నేనే. ఇవి నీ కాలికి రెండు సైజులు చిన్నవి. నీ గోళ్లు నల్లబడి ఉండటం పోయినసారే చూశాను, అడిగితే "ఆటలో అంతే" అన్నావు. ఏ దుకాణం వాడు నిన్ను ఇలా మోసం చేశాడో గాని, ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

పాత రబ్బరు వేడిచేసి ఊడదీశాను, అంచులు అరగదీశాను, కొత్తది అతికించి రెండు రోజులు బరువు కింద పెట్టాను. సోల్ అయితే నువ్వు బూటు అరగదీసేంత కాలం ఊడదు. దానితో పాటు నువ్వు అడగని మేలు ఇంకొకటి కూడా చేశాను. ఏమిటో చెప్పను. వేసుకున్న రోజున నీ పాదాలే నన్ను దీవిస్తాయి.

నీ అడుగులు జారకూడదని దేవుణ్ని అడుగుతూ,
పెద్దమ్మ


జూలై 14

పెద్దమ్మా,

ఆటగాళ్ల బసకు వచ్చి రెండు రోజులైంది. గదికి ఇద్దరం. నా పక్క మంచం అమ్మాయి బరువులెత్తుతుంది. పగలంతా నెమ్మది, రాత్రి గురక పెడితే కిటికీ అద్దం అదురుతుంది. అద్దాల పని చేసినదాన్ని కాబట్టి చెబుతున్నాను, ఆ అద్దం ఎక్కువ రోజులు నిలవదు. భోజనాల గదిలో ఆమె ఆరు పళ్లేలు తెచ్చుకుంటే నేను ఒకటి తెచ్చుకుంటాను. "నువ్వు తిండి మానేసి గెలుద్దామనుకుంటున్నావా?" అంది. గోడ ఎక్కేటప్పుడు తిన్నదంతా నేనే మొయ్యాలి కదా అన్నాను. పాపం, తన మూడో పళ్లెం వైపు చూసి కాసేపు ఆలోచించింది.

నీ బూట్లు ఇంకా చూడలేదు. జట్టు సామాను పెట్టెలకు సీలు వేశారు, ఇరవై ఒకటిన తెరుస్తారట. అప్పటిదాకా వేలికి కుదరని అరువు జతతో నెట్టుకొస్తున్నాను. నువ్వు చేసిన మేలు ఏమిటో ఊహించాను. లోపల వాక్యం రాసిన చీటీ పెట్టి ఉంటావు. అవునా?

మా పోటీ ఎలా ఉంటుందో నీకెప్పుడూ చెప్పలేదు కదా. గోడ పదిహేను మీటర్లు, నిలువుగా మొదలై పైకి పోయేకొద్దీ మన మీదికి వాలుతుంది. దాని మీద రంగురంగుల గడ్డల్లాంటి పట్లు బిగిస్తారు. ఆరు నిమిషాల్లో ఎన్ని పట్లు దాటితే అంత లెక్క. ఒక్కటే అవకాశం. ఒకరు ఎక్కేది ఇంకొకరు చూడకూడదు, చూస్తే దారి తెలిసిపోతుంది. అందుకని పొద్దున్నే అందరినీ ఒక గదిలో పెట్టి తలుపులు మూసేస్తారు. ఫోన్లు తీసేసుకుంటారు. తలుపు దగ్గర మనిషి ఉంటాడు, బాత్రూముకు వెళ్లినా వెంట ఒకరు వస్తారు. మన వంతు వచ్చినప్పుడే బయటికి. తాడు రెండో కొస పట్టుకుని కింద ఒక మనిషి నిలబడతాడు, పడితే ఆపేది అతనే.

గురక మొదలైంది, ఇక ఆపుతాను.

బల్లి


జూలై 18

చెరలో ఉన్న నా బిడ్డకు,

నీ ఉత్తరం ఆదివారం కోసం దాచకుండా అదే పూట హాల్లో చదివి వినిపించాను. ఏ నేరం చేశావని తలుపులు మూస్తారు? బాత్రూముకు కూడా కాపలానా? నువ్వు ఇవన్నీ మామూలు సంగతుల్లా రాశావు, అది చూసి నాకు ఇంకా కడుపు రగిలింది. దెబ్బలు తిని, చెరసాలలో కాళ్లు కొయ్యబొండలో ఇరికి ఉండి కూడా పాటలు పాడిన ఇద్దరు బోధకులు గుర్తుకొచ్చారు. వాళ్లకు భూకంపం వచ్చి తలుపులు తెరిచింది. నేను భూకంపం కోసం ఎదురుచూసే రకం కాదు. పోటీల అధికారులకు అర్జీ రాశాను.

అర్జీ దర్జీ చెల్లెమ్మ దస్తూరిలో ఉంది, నాది వాళ్లకు అర్థం కాదని. రాస్తూ రాస్తూ ఆవిడ, "అక్కా, ఆటల్లో ఇలా ఉండటం మామూలేమో" అంది. "నువ్వు కాలర్లు చూసుకో" అన్నాను. నలభై ఒక్క సంతకాలు. నిద్రపోతున్న వాళ్లవి కూడా లేపి పెట్టించాను.

ఆ తాడు పట్టుకునే మనిషి సంగతి మాత్రం నాకు నచ్చింది. పూర్వం ఒక రాజు కొడుకు శత్రువుల కొండ మీదికి చేతులతో, కాళ్లతో పాకి ఎక్కాడు. అతని ఆయుధాలు మోసేవాడు ఒక్కడే వెనకాల ఎక్కాడు. "నీ మనసులో ఉన్నది చెయ్యి, నేను నీతో ఉన్నాను" అన్నాడు ఆ మోసేవాడు. వాడి పేరు ఎవరూ రాసిపెట్టలేదు. మన కుటుంబంలో నా పని అదే అనుకుంటాను. నువ్వు ఎక్కుతావు, నేను నీ బూట్లు చూస్తాను.

ఆ మేలు చీటీ కాదులే. తెరిచాక తెలుస్తుంది.

తలుపుల మీద కన్నేసి,
పెద్దమ్మ


జూలై 22

పెద్దమ్మా,

ముందు నీ అర్జీ సంగతి. నన్ను ఆఫీసుకు పిలిచారు. బల్ల వెనక ఒక అధికారిణి, ఆమె ముందు నీ అర్జీ.

"మిమ్మల్ని ఎవరైనా బలవంతంగా బంధించారా?"

"లేదండి."

"నలభై ఒక్క మంది బంధించారంటున్నారు."

"వాళ్లు మా పెద్దమ్మ మాట వినేవాళ్లండి."

"నలభై ఒక్కరూనా?"

"వినకపోతే ఊరుకోదండి."

కోచ్ నా పక్కనే నిలబడి గోడ మీది గడియారం వైపు చూస్తూ ఉన్నాడు. ఇది నవ్వుకునే విషయమే, ఇంకో రోజైతే నవ్వేదాన్ని.

నిన్న పెట్టెలు తెరిచారు. బూటులో కాలు పెట్టగానే సులువుగా దూరింది. ఎప్పుడైనా రెండు చేతులా లాగి, మునిపళ్లు బిగించి వేసుకుంటాను పెద్దమ్మా. అంత సులువుగా దూరగానే నాకు అర్థమైంది. గోడ ఎక్కి, మడమను ఒక పట్టు మీద ఆనించి లాగాను. బూటు అక్కడే ఉండిపోయింది, కాలు బయటికొచ్చింది. నేను పరుపు మీద పడ్డాను. కోచ్ బూటు తీసుకుని లోపల వేలు పెట్టి చూసి, "ఎవరు చేశారిది? మనమంటే పడని వాళ్లెవరైనానా?" అన్నాడు. "పెద్దమ్మ" అన్నాను. అతను కూడా పరుపు మీద కూలబడ్డాడు.

ఎవరూ నన్ను మోసం చెయ్యలేదు. ఆ బూట్లు ఇరుకుగా ఉండాలనే కొన్నాను. నాణెం మందం ఉన్న అంచు మీద బొటనవేలితో నిలబడాలి. లోపల వేలు నూలుపోగంత జరిగినా బయట నేను పడిపోతాను. నొప్పి ఉంటుంది, తెలిసే పెట్టుకున్నాను.

గొర్రెలు కాసే కుర్రవాడు రాజుగారి కవచం తొడిగి చూసి విప్పేశాడని, అలవాటు లేనిది వేసుకుని యుద్ధానికి పోలేనన్నాడని, చిన్నప్పుడు నాకు చెప్పింది నువ్వే. నా కవచం నాకు సరిపోయింది. నువ్వు దాన్ని నీ ఇష్టానికి మార్చావు, నన్ను ఒక్కమాట అడగలేదు. నేను పంపింది సోల్ కోసం. ముప్పై ఒకటిన అర్హత పోటీ. నాకు ఇంకో జత లేదు.

ఇంతకంటే రాస్తే తప్పు మాటలు వస్తాయి.


జూలై 25

అమ్మాయికి,

నీ ఉత్తరం చదివాను. సంతకం కూడా పెట్టలేదు.

తోలు తడిపి, లోపల కాలి ఆకారపు పెద్ద కొయ్య అచ్చు దూర్చి, మూడు రోజులు ఉంచింది నేనే. దాచిపెట్టను. నలభై ఏళ్లుగా ఈ బల్ల దగ్గర కూర్చుని, కాళ్లు నొప్పులని వచ్చినవాళ్లకు సుఖమైన బూట్లు ఇచ్చి పంపాను. నొప్పి తీసెయ్యడం తప్పయితే నేను తప్పే చేశాను. శరీరం దేవుడి ఇల్లు. ఆ ఇంటి వేళ్లు నలగ్గొట్టుకుని గెలిచేది ఏముంది? మండే పొద ముందు నిలబడ్డవాడు అసలు చెప్పులే విప్పేసి నిలబడ్డాడు. విశ్వాసం ఉన్నవాళ్లకు బూట్లు అడ్డం కాదు.

గొర్రెల కాపరి కథ నాకే చెప్పే అంతటిదానివయ్యావు. సంతోషం.

పెద్దమ్మ


జూలై 26

నా తల్లీ,

నిన్నటి ఉత్తరం నీకు చేరితే చదవకుండా చింపెయ్యి. పోస్టుమాస్టరును వెనక్కి ఇమ్మని అడిగాను, సంచీ కట్టేశానన్నాడు.

ఈ ఉదయం ఇరుకు ద్వారం గురించి మాట్లాడటానికి లేచాను. వారం కిందటే అనుకున్న సంగతి అది. వెడల్పు దారిన పోయేవాళ్లు చాలామంది, ఇరుకు దారి కనుక్కునేవాళ్లు కొద్దిమంది అని చెబుతూ, బల్ల మీద గుద్దుతూ, "ఆ ఇరుకు నీకు నొప్పి పెడుతోందని దాన్ని వెడల్పు చెయ్యడానికి నువ్వెవరు?" అని అరిచాను. అరిచి ఆగిపోయాను. ఇన్నేళ్లలో అలా ఎన్నడూ కాలేదు.

దర్జీ చెల్లెమ్మ ముందు వరసలోంచి, "అక్కా, నీళ్లు తేనా?" అంది. అంటే మెలకువగా ఉంది.

అప్పుడు అందరికీ చెప్పాను. నీ బూట్ల సంగతి, నేను చేసిన పని, నిన్న రాసిన ఉత్తరం, అన్నీ. ఒకరి నొప్పి ఎందుకో అడగకుండా తీసెయ్యబోవడం ప్రేమ అనుకున్నాను, అది గర్వం అని చెప్పాను. తరువాత వెనకనుంచి ఒక ముసలాయన లేచి, "పోయినేడు నా బూట్లు కూడా ఇలాగే వదులు చేశావమ్మా, అప్పటినుంచి రెండు జతల మేజోళ్లు వేసుకుంటున్నాను" అన్నాడు. ఇంకో ఇద్దరు తలలూపారు. ఇన్నాళ్లూ నాకు చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

హాలుకు తాళం వేసి నేరుగా కొట్టుకు వచ్చాను. నీ మాట పరీక్షించాలని, కొట్టు గడప అంచు మీద నా బూటు బొటనవేలితో నిలబడి చూశాను. లోపల వేలు కొంచెం జరిగింది, నేను మొత్తం జరిగాను. మోచెయ్యి కమిలింది. నువ్వు రాసింది నిజం.

సాగిన తోలు వెనక్కి రాదు, నోటి మాటలాగే. కానీ ఏ బూటునైనా అచ్చు మీదికి ఎక్కించే ముందు కొలతలు పుస్తకంలో రాసుకోవడం నా అలవాటు. నీ బూట్ల పాత కొలతలు నూలుపోగుతో సహా నా దగ్గర ఉన్నాయి. ఎంత వదులైందో లెక్కకట్టి, పలచని మేకతోలు ముక్కలు ఆరు కోశాను. ఒక్కో బూటుకు మడమలో ఒకటి, పక్కల రెండు. అంచులు ఉల్లిపొరలా గీశాను, ఒరుసుకోవు. ఎడమవాటి మీద ఒక గీత, కుడివాటి మీద రెండు. కుడి పక్క ముక్కలో నీ వంకర వేలికి చోటు వదిలాను.

ఎలా అతికించాలో జాగ్రత్తగా విను. పార్సెల్లో పెట్టిన జిగురును ముక్కకూ రాయి, బూటు లోపలా రాయి. వెంటనే అంటించకు. వేలు పెడితే అంటనంత ఆరాలి, పావుగంట పడుతుంది. అప్పుడు అడుగునుంచి పైకి నొక్కుతూ రా. ఒకసారి తగిలిందంటే అంతే, లాగి సరిచెయ్యడం కుదరదు. ఆత్రం నీ వంశంలో ఉంది, నాకు తెలుసు, అందుకే రెండుసార్లు రాస్తున్నాను. పావుగంట. పావుగంట.

నన్ను క్షమించమని అడుగుతున్నాను. అది వాక్యం చెప్పిందని కాదు, చేసింది నేను కాబట్టి.

మీ పెద్దమ్మ


జూలై 30

పెద్దమ్మా,

నీ పార్సెలు, రెండు ఉత్తరాలు నిన్న ఒకేసారి వచ్చాయి. ముందు పార్సెల్లో ఉన్న ఉత్తరం చదివి ఏడ్చాను. తరువాత రెండోది విప్పితే "విశ్వాసం ఉన్నవాళ్లకు బూట్లు అడ్డం కాదు" అని ఉంది. తేదీ చూసుకోలేదు. ముక్కలు పంపాక మళ్లీ మనసు మార్చుకున్నావనుకుని, అవన్నీ తీసి కిటికీలోంచి పారేసేదాన్నే. బరువులెత్తే అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. ఆమె పట్టుకుంటే విడిపించుకోవడం కుదరదు. "ఇది ఇరవై ఐదు, అది ఇరవై ఆరు" అని తేదీలు చూపించింది. అప్పుడు నవ్వొచ్చింది. చింపెయ్యమన్న ఉత్తరం చింపలేదు, దాచుకుంటాను. నువ్వు ఓడిపోయిన ఉత్తరం నా దగ్గర అదొక్కటే ఉంది.

గేటు దగ్గర కూడా ఒక తమాషా జరిగింది. బయటి జిగురు లోపలికి రాకూడదన్నాడు కాపలా మనిషి. ఆ అధికారిణి అటుగా పోతూ పార్సెలు మీద పేరు చూసి, "అర్జీ పెట్టినావిడేనా?" అంది. అవునన్నాను. "పంపెయ్యండి, లేకపోతే ఈసారి ఎనభై సంతకాలు వస్తాయి" అంది.

పావుగంట ఆగాను. మా గదిలో గడియారం లేదు, బరువులమ్మాయి ఒకటినుంచి తొమ్మిదివందల దాకా లెక్కపెట్టింది. ఎడమది అచ్చం పాతదానిలా కుదిరింది. కుడిది ముందువైపు బిగువుగా ఉంది, మడమ దగ్గర నూలుపోగంత తేడా ఇంకా తెలుస్తోంది. "కుడి మడమ మీద నమ్మకం పెట్టుకోకు, వేరే దారి వెతుక్కో" అంటున్నాడు కోచ్. రేపు అర్హత పోటీ. నెగ్గితే ఆదివారం ఫైనల్, రెండో తేదీ సాయంత్రం. టీవీలో వేస్తారట.

ఆ రోజు రాసిన కోపం మాటలు నేనూ చింపలేను, నీ దగ్గరే ఉండిపోయాయి కదా. చింపే పని నీకే వదిలేస్తున్నాను.

నీ
బల్లి


ఆగస్టు 3

తల్లీ,

నిన్న సాయంత్రం కూడికను గంట ముందుకు జరిపి, అందరం కరెంటు సామాన్ల కొట్టు ముందు చేరాం. దుకాణదారు అద్దం వెనక టీవీని మా వైపు తిప్పాడు. శబ్దం బయటికి వినపడదు. బొమ్మే చూశాం.

నిన్ను ఆ గదిలోంచి బయటికి తెచ్చారు. చెర విడిచినట్టు నడిచి వచ్చావు. నువ్వు పాకుతుంటే ఇక్కడ అందరి మెడలూ వెనక్కి వాలిపోయాయి. దర్జీ చెల్లెమ్మ నా భుజం గిల్లుతూనే ఉంది, ఇవాళ నల్లగా కమిలింది. అంత పైన, గోడ నీ మీదికి వాలిన చోట, కుడికాలు తలదాకా ఎత్తి మడమ ఆనించావు. నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి నువ్వు గాల్లో, తాడుకు వేలాడుతున్నావు. వెంటనే టీవీలో ఇద్దరు కుస్తీ పట్టడం మొదలుపెట్టారు. దుకాణదారు మీటలన్నీ నొక్కాడు, మళ్లీ నువ్వు రాలేదు.

అందరూ ఒక్కొక్కరుగా ఇళ్లకు పోయారు.

కుడి మడమే కదా. నూలుపోగంత తేడా ఉందని రాశావు. ఆ నూలుపోగు నాదే. నీతిమంతుడు ఏడుసార్లు పడినా లేస్తాడని అందరికీ చెప్పేదాన్ని, ఇంకొకరిని పడేసినవాళ్ల సంగతేమిటో ఎప్పుడూ చెప్పలేదు. ఇవాళ కొట్టు తెరవలేదు. వచ్చినవాళ్లను చెల్లెమ్మ వెనక్కి పంపుతోంది. నీ దగ్గరనుంచి కబురు వచ్చేదాకా ఇంకొకరి బూటు ముట్టుకోబుద్ధి కావడం లేదు.

నన్ను ఓదార్చకు. జరిగింది జరిగినట్టు రాయి.

పెద్దమ్మ


ఆగస్టు 6

పెద్దమ్మా,

కొట్టు తెరువు. ముందు అది చేసి తరువాత ఈ ఉత్తరం చదువు.

తెరిచావా? ఇక విను. నాకు మూడో స్థానం వచ్చింది. పతకం బరువులమ్మాయి మెడలో ఉంది, ఆమె చూస్తానంటే ఇచ్చాను, మధ్యాహ్నం నుంచి తియ్యడం లేదు.

మా ఆటలో అందరూ పడతారు. పైకొస చేరినవాళ్లు తప్ప ప్రతి ఒక్కరూ పడే వరకూ ఎక్కుతారు, పడిన చోటే లెక్క. ఆదివారం ఎనిమిది మందిమి ఎక్కాం, ఎనిమిది మందిమీ పడ్డాం. గెలిచినమ్మాయి కూడా పడింది, అందరికంటే పైన. ఈ సంగతి ముందే రాసి ఉంటే నువ్వు మూడు రోజులు కొట్టు మూసుకుని కూర్చునేదానివి కాదు. అది నా తప్పు.

జరిగింది జరిగినట్టు రాయమన్నావు. వాలు మొదలయ్యే చోట ఒక పెద్ద పసుపు పట్టు ఉంది. దాన్ని దాటాలంటే కుడి మడమ ఆనించక తప్పదు. కింద నిలబడి గోడ చూసినప్పుడే తెలిసింది, వేరే దారి లేదు. అక్కడికి చేరాక కోచ్ మాట గుర్తొచ్చింది. కాలు ఎత్తాను, మడమ పెట్టాను, లాగాను. లోపల నీ ముక్క కొంచెం కదిలింది, తరువాత పట్టింది. అలా పట్టిన బూటు మీద మొత్తం బరువు వేసి ఇంకా నాలుగు పట్లు పైకి పోయాను. నువ్వు కళ్లు మూసుకున్నది ఆ నాలుగు పట్లే. అయిదోదాన్ని ఎడమచేత్తో అందుకున్నాను, వేళ్లు విచ్చుకుపోయాయి. చేతుల్లో ఇక ఏమీ లేదు. వేళ్లు పడేశాయి నన్ను, కాళ్లు కాదు. అబద్ధం చెప్పి ఓదార్చడం నువ్వు నాకు నేర్పలేదు. మడమ జారి ఉంటే జారిందనే రాసేదాన్ని.

రెండో స్థానం వచ్చినమ్మాయి ఆ అయిదో పట్టును పట్టుకుంది. మా ఇద్దరికీ తేడా ఆ ఒక్కటే. పొడుగ్గా ఉంటుంది, నవ్వితే ముందు పళ్ల మధ్య సందు కనిపిస్తుంది. ఆ గదిలో పొద్దుటి నుంచి నా పక్కనే కూర్చుంది. నా బూటు తీసుకుని సోల్ అంచు మీద వేలితో రాసి, రాసి, "ఇది ఎవరు వేశారు? మా దగ్గర ఎవరికిచ్చినా నెలకే ఊడిపోతోంది" అంది. చెప్పాను. పోటీ అయ్యాక వచ్చి తన బూట్లు నా చేతిలో పెట్టేసింది. ఈ పార్సెల్లో ఉన్నవి అవే. లోపల నేనొక చీటీ పెట్టాను, చదివాకే పని మొదలుపెట్టు. వచ్చే ఏడాది పోటీల్లో నేను మళ్లీ ఎక్కాల్సింది ఆమెతోనే.

నీ
బల్లి


ఆగస్టు 17

మూడో స్థానపు బల్లికి,

నీ ఉత్తరాన్ని కొట్టు తలుపు తెరిచాకే చదివాను. చదివి మళ్లీ మూశాను, గట్టిగా ఏడవాలనిపించి. చెల్లెమ్మ పరుగెత్తుకొచ్చి, "మళ్లీ పడిందా?" అంది. హాల్లో చదివి వినిపిస్తే, ఆ నాలుగు పట్ల దగ్గర అందరూ నాలుగు వేళ్లు చూపించుకుంటూ లేచి నిలబడ్డారు. రెండు జతల మేజోళ్ల ముసలాయన బూట్లు కూడా ఆ పూటే తెప్పించుకుని, లోపల ముక్కలు వేసిచ్చాను.

పళ్లసందు అమ్మాయి బూట్లు తీశాను. నీ చీటీ చదివాను. "సోల్ మాత్రమే. అచ్చు ముట్టుకోకు" అని అంత పెద్ద అక్షరాలు అక్కర్లేదు, నాకు కళ్లు బాగానే కనిపిస్తాయి.

ఇప్పుడు ఒక సంగతి ఒప్పుకుంటున్నాను. బూట్లు బల్ల మీద పెట్టి కొలతలు రాసుకున్నాను. పెద్ద అచ్చు చేతికందేంత దూరంలో ఉంది. నూలుపోగంత చాలు, ఎవరికీ తెలియదు, వచ్చే ఏడు ఆ పళ్లసందు అమ్మాయి మడమ ఎక్కడో ఒకచోట కదులుతుంది, నువ్వు ఒక పట్టు పైకి పోతావు. ఈ ఆలోచన నాకే వచ్చింది, బయటినుంచి ఎవరూ తెచ్చి పెట్టలేదు. నలభై ఏళ్లుగా మనిషిని తప్పుకు లాగే శోధన గురించి చెబుతున్నాను, అది ఇంత చిన్నగా, ఇంత పనికొచ్చే ముఖంతో వస్తుందని ఇవాళే చూశాను. చెల్లెమ్మను పిలిచి అచ్చులన్నీ ఆవిడ కొట్టుకు పంపేశాను. "ఎన్నాళ్లు ఉంచాలి?" అంది. "ఈ జత నా గడప దాటేదాకా" అన్నాను. వాటిని తన కుట్టు మిషను పక్కన వరసగా పెట్టి వచ్చి, నా ఎదురుగా స్టూలు వేసుకుని, పని అయ్యేదాకా నా చేతులు చూస్తూ కూర్చుంది. ఒక్కసారి కూడా కునుకు తియ్యలేదు.

పని అయిపోయింది, రేపు పంపుతాను. ఈ సోల్ నీదానికంటే బాగా కుదిరింది. ఆమె బొటనవేలు బరువు వేసే చోటు చూసి, రబ్బరు అక్కడ కాస్త మందంగా ఉంచాను. నీ బూట్లకు అలా చెయ్యాలని నాకు తోచలేదు. ఈ మాట చెప్పకుండా ఉండొచ్చు, కానీ నీ బూట్ల సంగతి ఒకసారి దాచి చూశాను కదా, చాలు. నీవి పంపితే వాటికీ అలాగే వేస్తాను.

వచ్చే ఏడు ఆమెను దాటాలంటే ఇక నీ వేళ్లే చూసుకోవాలి. ఆ పని నేను చెయ్యలేను.

పెద్దమ్మ